మూడో గుంటలో సుత్తి చప్పుడు

ఆ షెడ్డులో మూడో గుంట మీద రాత్రిపూట బండి వదలొద్దని డ్రైవర్లందరూ చెప్పుకునేవాళ్లు. మొదటి గుంట మీద వదిలినా పర్లేదు, రెండోదాని మీద వదిలినా పర్లేదు... మూడోదాని మీద మాత్రం వద్దు.

ఎందుకంటే, అర్ధరాత్రి దాటాక ఆ గుంటలోంచి సుత్తి చప్పుడు వస్తుంది.

టక్... టక్... టక్...

గుంటంటే మరేం లేదు. బండి కిందకి దిగి నిలబడి పని చేసుకోవడానికి తవ్విన నిలువెత్తు కాలువ. రెండు పక్కలా సిమెంటు గట్లు, ఆ గట్ల మీద చక్రాలు, మధ్యలో మనిషి. వెనక గోడ వైపు నాలుగు మెట్లు. పగలు చూస్తే నూనె మరకలు, ఒకటీ అరా పాత గుడ్డపేలికలు తప్ప ఏమీ కనపడదు. పగటిపూట దానికి ఎవరూ భయపడరు కూడా.

కానీ పెద్దమేస్త్రి పోయింది ఆ గుంటలోనే.

మూడేళ్ల కిందట, ఒక లారీ కింద నిలబడి బోల్టులు చూస్తూ చూస్తూ అలాగే గోడకి జారగిలబడ్డాడు. గుండె ఆగిపోయిందన్నారు. పైకి తీసేసరికి చేతిలో చిన్న సుత్తి ఇంకా బిగించి పట్టుకునే ఉన్నాడట. వేళ్లు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసొచ్చిందట.

ఆయనకో అలవాటుండేది. ఎంత అర్జెంటు పనైనా, ఎంత పెద్ద మనిషి బండైనా, ప్రతి బోల్టునీ ఆ సుత్తితో ఒక్కసారి తట్టి, చెవి ఒగ్గి విని గానీ బండిని బయటికి పంపేవాడు కాదు. బిగువుగా ఉన్న బోల్టు ఖంగుమంటుంది. వదులైంది మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా ఆయన చెవికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆయన పోయిన రెండు నెలలకి మొదలైంది చప్పుడు.

పక్కనే ఉన్న కలప అడితి వాచ్‌మన్ మొదట విన్నాడు. ఎవరో దొంగ అనుకుని గోడ మీంచి తొంగి చూశాడు. మూడో గుంట మీద లారీ నిలబడి ఉంది. దాని కింద మసకమసకగా ఎర్రటి వెలుగు. ఆ వెలుగులో ఒక తలకాయ... ఖాకీ టోపీ పెట్టుకున్న తలకాయ... నేలకి ఆనుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

"తల ఒక్కటేనండీ," అన్నాడు వాడు తర్వాత, ఎవరడిగినా అదే మాట. "మెడ కింద ఏమీ లేదు."

మర్నాడే వాడు పగటి డ్యూటీకి మార్పించుకున్నాడు.

అంతటితో పోయినా బాగుండేది. చప్పుడు వచ్చిన మర్నాటి పొద్దున గుంటలో ఒక్కోసారి బోల్టు తల దొరికేది. ఒట్టి తల. కాడ లేదు. ఎవరో కత్తితో ఒక్క వేటున నరికినట్టు.

ఇంకేముంది? డ్రైవర్లే కథ అల్లేశారు. పెద్దమేస్త్రి చచ్చినా అలవాటు మానలేదు. రాత్రి వచ్చి పని సరిచూసుకుంటున్నాడు. నచ్చని బోల్టు తల కొట్టేస్తున్నాడు.

"అల్లుడి పని మామకి నచ్చట్లేదురా," అనుకునేవాళ్లు టీ బంకు దగ్గర. అని, నవ్వేవాళ్లు.

ఆ నవ్వు సరాసరి వచ్చి తగిలేది అల్లుడు మేస్త్రికే.

అతన్ని అందరూ అలాగే పిలిచేవాళ్లు. షెడ్డు అతనిది, పని అతనిది, బోర్డు మీద పేరూ అతనిదే. అయినా మూడేళ్లుగా అల్లుడు మేస్త్రే. మామ బతికున్నప్పుడు నాలుగేళ్లు ఆయన దగ్గరే చేశాడు. ఆ నాలుగేళ్లలో ఆయన ఒక్కసారి తిట్టలేదు, ఒక్కసారి మెచ్చుకోలేదు. అల్లుడు బిగించిన బోల్టు దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా, తను మళ్లీ ఒకసారి పానా వేసి చూసుకునేవాడు. అంతే. తిట్టినా అంత బాధుండేది కాదు.

మామ పోయాక ఒకరోజు భోజనం దగ్గర భార్య ఏదో చెప్పబోయింది. "నాన్నయితే ఇలాంటి చోట..." అని మొదలుపెట్టింది.

అతను కంచం ముందునుంచి లేచిపోయాడు. "ఈ షెడ్డులో ఇంకోసారి మీ నాన్న మాట ఎత్తావంటే బాగుండదు."

ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఆమె ఆ షెడ్డులోనే పుట్టి పెరిగినట్టు లెక్క. ఇల్లు షెడ్డు వెనకే, రెండు గదులు. సామాన్ల గది తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. ఏ డబ్బాలో ఏ సైజు నట్టుందో చీకట్లో చెప్పగలదు. అతుకు పని పూర్తయిన ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, నల్లరంగు వేసేది కూడా ఆమే. రోడ్డు మీద దుమ్ము లేవకముందు వేస్తేనే రంగు శుభ్రంగా ఆరుతుందని తెల్లారకముందే లేచి వెళ్లేది. అతను లేచేసరికి పని అయిపోయుండేది. నల్లగా, నున్నగా, బోల్టేదో రేకేదో తెలియకుండా.

అల్లుడు మేస్త్రి పని చెడగొట్టే మనిషి కాడు. ఆ మాట ఒప్పుకోవాలి. మామ కంటే ఒక మెట్టు పైన ఉండాలన్నదే అతని తపనంతా.

బోల్టు తల మీద అంకెలు అచ్చు వేసి ఉంటాయి. ఆ అంకె ఎంత పెద్దదైతే బోల్టు అంత గట్టిది. గేటుకీ తలుపుకీ వాడేవి ఏ నాలుగో ఐదో ఉంటాయి. బండి ఛాసిస్‌కి ఎనిమిది పాయింట్ ఎనిమిది కంటే తక్కువ వాడకూడదు. బాగా బలం పడే చోట పది పాయింట్ తొమ్మిది. పెద్దమేస్త్రి జీవితమంతా ఆ పది పాయింట్ తొమ్మిదే వాడాడు. నల్లటివి, నూనె రాసినవి, చూడ్డానికి బొగ్గు ముక్కల్లా ఉండేవి.

అల్లుడు పన్నెండు పాయింట్ తొమ్మిది తెప్పించాడు. అంతకంటే గట్టిది బజార్లో దొరకదు. తెప్పించి ఊరుకోలేదు. వానకి తుప్పు పట్టకూడదని బజారు చివర పూత షాపులో ఇచ్చి జింకు పూత వేయించాడు. వెండి గిన్నెల్లా తళతళా మెరిసేవి. బిగించేటప్పుడు చూసి తనే మురిసిపోయేవాడు.

"మా మామ పది దగ్గర ఆగాడు. నేను పన్నెండుకి వెళ్లాను," అనేవాడు, ఎవరైనా వినేవాళ్లుంటే.

ఇలా ఉండగా ఒక సాయంత్రం బామ్మర్ది బస్సు తెచ్చాడు.

బామ్మర్దంటే పెద్దమేస్త్రి కొడుకే. వాడికి పానా పని అబ్బలేదు, స్టీరింగు అబ్బింది. కొండ అవతల ఫ్యాక్టరీకి రోజూ పొద్దున్నే అరవై మంది పనివాళ్లని తీసుకెళ్లే బస్సు నడుపుతాడు. ఆ రోజు మలుపు తిప్పుతుంటే స్టీరింగు ఎందుకో చేతికి ఆలస్యంగా అందుతున్నట్టు అనిపించిందట.

అల్లుడు మేస్త్రి గుంటలోకి దిగి టార్చి వేసి చూశాడు. స్టీరింగు పెట్టెని మోసే చోట ఛాసిస్ మీద జానెడు బీట.

"దేవుడు నీ వైపున్నాడురా," అన్నాడు కిందనుంచే. "ఇంకో వారం ఆగుంటే పెట్టె ఊడి చేతికొచ్చేది."

బీట చివర చిల్లు వేసి ఆపాడు. వెల్డింగు పెట్టాడు. లోపలివైపు మందపాటి రేకు కట్టు వేసి, ఎనిమిది బోల్టులు ఎక్కించాడు. మెరిసేవి ఎనిమిది. సరైన బిగువు రాగానే తెలిపే టార్క్ పానాతో ఒక్కోటీ 'టిక్' అని పలికేదాకా బిగించాడు. రాత్రి ఎనిమిదయింది పూర్తయ్యేసరికి.

బస్సు ఉన్నది మూడో గుంట మీద. ఛాసిస్ పనులన్నీ ఆ గుంట మీదే చేస్తారు.

బామ్మర్ది చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. పోవట్లేదు.

"ఏరా?"

"బావా... పొద్దున ఐదింటికి తీయాలి. అరవై మంది." వాడు గుంట వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు. "రాత్రి గనక నాన్న సుత్తి మోగితే... నేను బండి తీయను. ముందే చెప్తున్నా. ఏమనుకోకు."

అల్లుడు మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. బయటివాళ్లు అంటే ఒక రకం. ఇంట్లోవాడు కూడా అంటే?

"ఈ రాత్రి ఆ బస్సులోనే పడుకుంటాను. ఎవడు మోగిస్తాడో నేనూ చూస్తా. పొద్దున వచ్చి నోరు మూసుకుని బండి తీసుకుపో."

ఇంటికెళ్లి దిండూ దుప్పటీ తీసుకుంటుంటే భార్య గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి?"

చెప్పాడు.

ఆమె మొహంలో రంగు మారింది. "వద్దు," అంది. ఇంకా నెమ్మదిగా, "ఈ ఒక్క రాత్రికి వద్దండీ. ఇంట్లోనే పడుకోండి."

"నువ్వు కూడా నమ్ముతున్నావా?"

అతను దుప్పటి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

బస్సులో ముందు సీటు పొడుగ్గా ఉంది. దాని మీదే పడుకున్నాడు. డ్రైవరు సీటు పక్కన, సరిగ్గా స్టీరింగు పెట్టె పైన. షెడ్డు రేకులు చల్లబడుతూ కిటకిటలాడుతున్నాయి. ఎక్కడో రోడ్డు మీద ఒక లారీ గేరు మార్చుకుంటూ పోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

పదకొండు... పన్నెండు...

కళ్లు మూతలు పడుతున్నాయి. ఇంతకీ ఏదీ దెయ్యం? నవ్వొచ్చింది అతనికి.

టంగ్!

ఒక్కసారి. గట్టిగా. ఎవరో గంట కొట్టినట్టు.

వెంటనే ఖాళీ డ్రమ్ముకి ఏదో తగిలి కిందపడి... దొర్లుకుంటూ... దొర్లుకుంటూ పోయి ఆగింది.

అతను లేచి కూర్చున్నాడు. కొంతసేపటికి టార్చి తీసుకుని దిగాడు. షెడ్డు తలుపు లోపలనుంచి గడియ వేసి ఉంది. మనిషి అలికిడి లేదు. డ్రమ్ము పక్కన నేల మీద ఏదో మెరిసింది.

బోల్టు తల.

చేతిలోకి తీసుకున్నాడు. పైన అచ్చు... పన్నెండు పాయింట్ తొమ్మిది. సాయంత్రం తన చేత్తో తను బిగించిందే. తిప్పి చూశాడు. విరిగిన చోట సాగిన జాడ లేదు, మెలితిరిగిన జాడ లేదు. ఉప్పుగల్లు పగిలినట్టు పొడిపొడిగా, గరుకుగా ఉంది.

మామ దగ్గరికి రాకముందు నుంచీ, ఇరవై ఏళ్లుగా అతను బోల్టులు విరగడం చూశాడు. బలం ఎక్కువైతే ముందు సాగుతుంది, నడుము సన్నబడుతుంది, అప్పుడు తెగుతుంది. ఇది అలా కాదు. బండి కదల్లేదు. బరువు లేదు. ఎవరూ ముట్టుకోలేదు. నిలబెట్టిన చోట నిలబెట్టినట్టే...

అతను మళ్లీ బస్సెక్కి తలుపు వేసుకున్నాడు. దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"మామయ్యా..." అన్నాడు చీకట్లోకి. "తప్పేం చేశాను మామయ్యా? మీకంటే గట్టివే వేశాగా..."

టంగ్!

ఈసారి సీటు కిందే. చప్పుడు వెన్నులోకి దిగింది.

ఆ తర్వాత ఎంతసేపు అలా పడుకున్నాడో అతనికే తెలియదు. నిద్ర కాదు, మెలకువా కాదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఊపిరి బరువుగా తీస్తూ... దూరంనుంచి వింటే గురక అనుకోవచ్చు.

ఎక్కడో గోడగడియారం మూడు కొట్టింది.

కిర్ర్... మని షెడ్డు వెనక వైపు, ఇంటి వైపు ఉన్న చిన్న తలుపు తెరుచుకుంది. దానికి లోపల గడియ ఉండదు. మెట్ల మీద అడుగులు. ఒకటి... రెండు... మూడు... నాలుగు. గుంటలోకి.

ఆ తర్వాత —

టక్.

సరిగ్గా అతని నడుం కింద.

టక్... ఖంగుమంది. టక్... ఖంగుమంది. టక్... మొద్దుగా పలికింది. ఆ మూడోదాని దగ్గర సుత్తి ఆగింది. మళ్లీ తట్టింది. వింటోంది. ఎవరో వింటున్నారని పైన పడుకున్న అతనికి కూడా తెలుస్తోంది.

నాలుగు. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిది.

మామ లెక్క అదే. మామ తట్టే తీరు అదే... రెండు తట్టుల మధ్య ఒక ఊపిరంత విరామం. నాలుగేళ్లు పక్కన నిలబడి విన్నాడు, మరిచిపోతాడా?

నిశ్శబ్దం.

తర్వాత ఇంకో చప్పుడు వచ్చింది. కిర్ కిర్ కిర్ కిర్... నట్టు విప్పే రాచెట్టు చప్పుడు.

అంత భయంలోనూ అల్లుడు మేస్త్రికి ఒక అనుమానం వచ్చింది. దెయ్యానికి రాచెట్టు దేనికి?

సీటు మీంచి కిందకి దిగాడు. గేరు రాడ్డు పక్కన రబ్బరు చాప ఉంది. దాన్ని ఒక మూల పైకెత్తాడు. దాని కింద చెయ్యి పట్టేంత కంత. కంతలోంచి ఎర్రటి మసక వెలుగు పైకి వచ్చింది. టార్చికి ఎవరో ఎర్రగుడ్డ చుట్టారు.

కన్ను ఆనించి చూశాడు.

ఖాకీ కోటు. ఎడమ భుజం మీద వెల్డింగు నిప్పురవ్వ పడి కాలిన రంధ్రం... మామ కోటు. ఖాకీ టోపీ... మామ టోపీ. వంగి ఉన్న వీపు. నల్లగా నూనె పట్టిన చెయ్యి పానాని పట్టుకుని బలంగా లాగుతోంది. ఆ చేతి పట్టు... అదీ మామదే.

అతని నోట్లోంచి చిన్న మూలుగు లాంటిది వచ్చింది.

కింద పానా ఆగింది.

టోపీ నెమ్మదిగా పైకి తిరిగింది. కంతలోంచి రెండు కళ్లు సూటిగా అతని కన్నులోకే చూశాయి.

"ఎలాగూ లేచారుగా," అంది భార్య గుసగుసగా. "దిగొచ్చి ఈ బోల్టు తల పట్టుకోండి. నట్టుతో పాటు తిరిగిపోతోంది."

అతను బస్సు దిగాడో, జారిపడ్డాడో! గుంటలోకి వచ్చేసరికి మోకాలి చిప్పలు గీరుకుపోయున్నాయి. ఆమె ఒక పానా అతని చేతికిచ్చింది. అతను పట్టుకున్నాడు. ఆమె నట్టు విప్పింది. మెరిసే బోల్టు బయటికొచ్చింది. ఆమె కోటు జేబులోంచి నల్లటి బోల్టు తీసి అదే చిల్లులోకి ఎక్కించింది. ఒకదాని తర్వాత ఒకటి మార్చుతోంది... రేకు కదలకుండా. టార్క్ పానాకి అడ్డంగా నిలబడి, గోడకి కాలు తన్నిపెట్టి, 'టిక్' అనేదాకా లాగింది.

"నువ్వేనా..." అన్నాడు చివరికి. "ఇన్నాళ్లూ?"

"ఆ."

"ఎందుకు?"

ఆమె ఇంకో బోల్టు తీసింది. దాని కాడ బయటికొచ్చింది, తల రాలేదు. తల ఎప్పుడో ఎగిరిపోయింది.

"నాన్న చెప్పేవాడు. పూత వేసేముందు బోల్టుని యాసిడ్‌లో ముంచుతారట. అప్పుడు ఏదో గాలి ఉక్కు లోపలికి దూరిపోతుందట. మెత్తటి బోల్టులకి ఏం కాదు. బోల్టు ఎంత గట్టిదైతే అంత ముప్పు. పూతయిన వెంటనే గంటలకొద్దీ వేడి పెట్టెలో పెట్టి ఆ గాలిని తరిమెయ్యాలి. మీరిచ్చే షాపులో ఆ పెట్టే లేదు. వాళ్లు బకెట్ల కాడలకి పూత వేసుకునేవాళ్లు."

"బిగించినప్పుడు బాగానే ఉందిగా?"

"బాగానే ఉంటుంది. ఆ బిగువు మీద ఉండీ ఉండీ... నాలుగు గంటలకో, నాలుగు రోజులకో... ఠప్పున పోతుంది. పగలు కూడా పోతున్నాయి. కంప్రెసర్ మోతలో మనకి వినపడదు."

అతను విరిగిన కాడ చేతిలోకి తీసుకున్నాడు. ఎర్ర వెలుగులో విరిగిన చోటు గరుకుగా మెరిసింది. అయితే దెయ్యం లేదు. మామ లేడు. తల కొట్టినవాడెవడూ లేడు. బోల్టే తనంతట తను...

"మరి నాకు చెప్పొచ్చుగా!"

గుసగుసగానే అన్నాడు, కానీ అరిచినట్టే ఉంది.

"మొదటి వారమే బోల్టు తల తెచ్చి మీ చేతిలో పెట్టాను. గుర్తుందా? 'మీ నాన్నే వచ్చి కొట్టాడేమో' అని దాన్ని బయటికి విసిరేశారు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇంకేం చెప్పను? ఏం చెప్పాలన్నా నాన్న మాటే చెప్పాలి. అది ఎత్తొద్దని మీరేగా అన్నారు."



మూడేళ్లు. అతను గురకపెట్టి పడుకున్న ప్రతి రాత్రీ ఆమె లేచి, తండ్రి కోటు తొడుక్కుని, ఈ గుంటలోకి దిగి, అతను బిగించిన ప్రతి బోల్టునీ విప్పి, నల్లటిది పెట్టి, బిగించి, తట్టి, విని... పైన రంగు వేసేసింది. తెల్లారి అతను వచ్చి ఆ నున్నటి నలుపు చూసి తన పనికి తనే మురిసిపోయాడు. ఆమెని చూసి వాచ్‌మన్ జడుసుకున్నా ఆమె కాదనలేదు. ఊరంతా దెయ్యమన్నా నోరు విప్పలేదు. దెయ్యమంటే కనీసం ఎవరూ తొంగిచూడరు, పని సాగిపోతుంది.

"ఒక్క బండీ తప్పిపోలేదా?"

ఆమె చేతిలో పానా ఆగిపోయింది.

"తప్పిపోయింది," అంది. "పోయిన నెల నాకు ఆపరేషన్ అయినప్పుడు. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నా కదా. ఆ పది రోజుల్లో రెండు బళ్లకి పని చేశారు. నీళ్ల ట్యాంకరు మళ్లీ వచ్చింది, మార్చేశాను. రెండోది..."

"గుడ్లగూబ లారీ."

"ముందు చక్రాల్ని పట్టుకుని ఉండే కమాన్ పట్టీల దగ్గర. ఎనిమిది బోల్టులు." ఆమె మొహం ఎత్తి అతన్ని చూసింది. "అతను వచ్చాడా, వచ్చాడా అని మిమ్మల్ని రెండుసార్లు అడిగాను."

అడిగింది. నీకెందుకు ఆ సంగతని కసిరాడు. ఆ మాట కూడా గుర్తొచ్చింది అతనికి.

గుడ్లగూబంటే రాత్రిళ్లు మాత్రమే బండి నడిపే ముసలి డ్రైవరు. కంకర లోడు వేసుకుని కొండ దిగుతాడు. పగలు పడుకుంటాడు. అంటే ఈ వేళకి...

అల్లుడు మేస్త్రి జేబులోంచి ఫోను తీశాడు. నూనె చేతులకి అద్దం మీద వేలు జారిపోతోంది. ఆమె తన కోటు అంచుతో తుడిచి ఇచ్చింది.

మోగుతోంది... మోగుతోంది... ఎత్తట్లేదు.

మళ్లీ చేశాడు.

మోగుతోంది...

"ఏంటి మేస్త్రీ!" అవతల ఇంజను హోరు. గాలి. "ఈ వేళప్పుడా? లోడుతో కొండ దిగుతున్నా, తర్వాత..."

"ఆపు."

"ఏంటీ?"

"బండి ఆపు. ఎక్కడుంటే అక్కడ. నెమ్మదిగా బ్రేకు వెయ్యి, స్టీరింగు గట్టిగా తిప్పకు. పక్కకి తీసి ఆపు. ఇంకో మలుపు తిరక్కు. అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆపు."

జీవితంలో ఎవరి కాళ్లూ పట్టుకుంటానని అనని మనిషి. ఆ గొంతులో ఏం వినపడిందో, అవతల ముసలాయన మారు మాట్లాడలేదు. గేరు దిగిన మోత. గాలి బ్రేకు బుస్సుమంది. ఇంజను హోరు తగ్గింది... తగ్గింది... ఆగిపోయింది.

"ఆపాను. ఇప్పుడు చెప్పు."

"టార్చి తీసుకుని దిగు. ముందు చక్రాల వెనక, కమాన్ పట్టీలు ఛాసిస్‌కి అతుక్కునే చోటు చూడు. బోల్టు తలలు లెక్కపెట్టు."

తలుపు తీసిన చప్పుడు. కంకర మీద అడుగులు. తర్వాత ఏమీ లేదు.

గుంటలో ఇద్దరూ ఫోను మధ్యలో పెట్టుకుని నిలబడ్డారు. ఆమె భుజం అతని భుజానికి తగులుతోంది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు.

ఫోనులో ముందు ఊపిరి వినపడింది. ఆ తర్వాత మాట.

"మేస్త్రీ... ఎడమ వైపు నాలుగిట్లో ఒక్కటే ఉంది. కుడివైపు రెండు. మిగతావాటికి... తలల్లేవు." గొంతు సగంలో తడబడింది. "పట్టీ జానెడు పక్కకి జరిగిపోయి ఉంది. నా ముందు రెండు వంపులున్నాయి. రెండోది... లోయ వైపు."

"ఇంక బండి కదపకు. నేనే వస్తున్నా. మంచి బోల్టులు తెస్తా."

"మేస్త్రీ, ఒక్కమాట..." ముసలాయన గొంతు బాగా తగ్గించాడు, పక్కన ఎవరో వింటున్నట్టు. "అక్కడ పడుకున్నవాడివి, ఇక్కడ చీకట్లో నా బండి కింద ఏం జరుగుతోందో నీకెలా తెలిసింది? నిజం చెప్పు. ఎవరు చెప్పారు నీకు?"

అల్లుడు మేస్త్రి పక్కకి చూశాడు. ఆమె అప్పటికే ఐదో బోల్టు మీద పానా వేసింది. బస్సు ఐదింటికి పోవాలి. ఇంకా నాలుగు ఉన్నాయి. పట్టు దొరక్క పళ్లు బిగించి లాగుతోంది. అతను రెండో చేత్తో బోల్టు తల అదిమి పట్టుకున్నాడు.

"మా ఆవిడ చెప్పింది," అన్నాడు.